చిన్న కుక్క మన బడ్జెట్‌కి సరిపోతుందా? తెచ్చుకునే ముందే తేల్చుకోండి

"చిన్న కుక్కే కదా, అదెంత తింటుంది?" చాలా ఇళ్లలో ఈ ఒక్క మాటతోనే లెక్క ముగిసిపోతుంది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. తిండి దగ్గర ఆ లెక్క తప్పలేదు. కానీ పళ్లు, మోకాళ్లు, బొచ్చు, ఊపిరి కూడా ఖర్చు తెస్తాయని కుక్క ఇంటికొచ్చిన రెండో ఏట గానీ తెలియలేదు.

డబ్బు తక్కువున్నవాళ్లు కుక్కను పెంచుకోకూడదని నేను అనను. ఏ జాతి కుక్కను, ఎప్పుడు, ఎంత సిద్ధపడి తెచ్చుకోవాలో ముందే చూసుకోమంటున్నాను. వైద్యం చేయించలేక ఇష్టంగా పెంచుకున్న కుక్కను వేరేవాళ్లకి ఇచ్చేయడం ఆ ఇంటికీ కష్టమే, ఆ కుక్కకీ కష్టమే. ఒక సాయంత్రం కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటే ఆ పరిస్థితి చాలావరకు తప్పించుకోవచ్చు.

1. ముందు మీ డబ్బు సంగతి చూడండి

గత మూడు నెలల్లో అద్దె, సరుకులు, ఫీజులు, అప్పుల వాయిదాలు అన్నీ పోగా నిజంగా ఎంత మిగిలిందో రాయండి. మిగలాల్సింది కాదు, మిగిలింది. మూడు నెలల్లో అన్నిటికంటే తక్కువ మిగిలిన నెలనే లెక్కలోకి తీసుకోండి. అందులో సగం మించకుండా కుక్కకి కేటాయించగలిగితేనే ముందుకు వెళ్లండి. ఆ సగం అనేది నా సొంత కొలత. మిగిలిన సగం మీ ఇంటి అవసరాలకి ఉండాలి, ఎందుకంటే ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే ముందు ఆగేది కుక్క మందులే.

కాగితం మీద మూడు గళ్లు గీయండి. ఒకటి మొదటి ఏడాది ఖర్చు, రెండోది ప్రతి నెలా అయ్యేది, మూడోది అనుకోకుండా వచ్చిపడేది. ఇక్కడి నుంచి తెలిసే ప్రతి అంకెనూ వీటిలో ఏదో ఒకదాంట్లో వేయాలి.

ఇంకో అంకె కూడా పైన పెద్దగా రాసుకోండి: 12 నుంచి 16 ఏళ్లు. చిన్న జాతి కుక్కలు మామూలుగా అంతకాలం బతుకుతాయి. బాగా పెద్ద జాతులు పదేళ్లు దాటడమే కష్టం. నెల ఖర్చు తక్కువే కావచ్చు గానీ ఆ నెలలు చాలా ఎక్కువ. ఇప్పుడు పదో తరగతి చదివే పిల్లవాడు ఉద్యోగంలో చేరి వేరే ఊళ్లో స్థిరపడేనాటికి కూడా ఆ కుక్క మీతోనే ఉంటుంది. దాని చివరి మూడు నాలుగేళ్లు మొదటి ఏళ్ల కంటే ఖరీదైనవి.

2. తిండి లెక్క

ఇది సులువు. పశువైద్యులు వాడే ఒక సూత్రం ఉంది: కుక్క బరువును 0.75 ఘాతానికి పెంచి 70తో గుణిస్తే, విశ్రాంతిగా ఉన్నప్పుడు దానికి రోజుకి కావలసిన కేలరీలు వస్తాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే ఎదిగిన కుక్కకైతే దాన్ని సుమారు 1.6తో గుణిస్తారు. ఆ లెక్కన 3 కిలోల కుక్కకి రోజుకి దాదాపు 255 కేలరీలు, 8 కిలోల కుక్కకి దాదాపు 530 కావాలి. డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకి 350 కేలరీల చొప్పున వేసుకుంటే మొదటిది రోజుకి 70 గ్రాములు పైచిలుకు, రెండోది 150 గ్రాములు తింటుంది. అంటే నెలకి రెండు కిలోల పైన, నాలుగున్నర కిలోలు. మీరు కొనే బస్తా మీద కేలరీలు ఉంటాయి కాబట్టి ఆ అంకెతో మళ్లీ వేసుకోండి. ఎదిగే కుక్కపిల్లకి ఒక్కో కిలో బరువుకి ఇంకా ఎక్కువ కావాలి.

ఇదే సూత్రంతో 30 కిలోల కుక్కకి లెక్క కడితే 1,430 కేలరీల చుట్టూ వస్తుంది. బరువు పది రెట్లు, తిండి మాత్రం అయిదున్నర రెట్లే. బరువుతో పోలిస్తే చిన్న కుక్కే ఎక్కువ తింటుందన్నమాట. అయినా మొత్తం మీద ఇది చిన్న ఖర్చే. మంచి ఫుడ్ పెట్టినా మీ బడ్జెట్ విరిగిపోదు, కాబట్టి ఇక్కడ పిసినారితనం వద్దు.

ఒక చిక్కు మాత్రం ఉంది. కిలో లెక్కన పెద్ద బస్తానే చవక. కానీ తెరిచిన బస్తాను నెల, నెలన్నరలో వాడేయాలి, లేకపోతే అందులోని కొవ్వు పాడై వాసన వస్తుంది. 3 కిలోల కుక్క పది కిలోల బస్తాను ముగించడానికి నాలుగు నెలలు పైనే పడుతుంది. అందుకని చిన్న ప్యాకెట్ ధరే మీ కాగితం మీద రాసుకోండి.

ఇంట్లో వండి పెడితే చవక అవుతుందనుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టకండి. ఒట్టి మాంసం పెడితే కాల్షియం చాలక ఎముకలు దెబ్బతింటాయి. చిరుతిళ్లు రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. 3 కిలోల కుక్కకి అది 25 కేలరీలు. ఇంట్లో నలుగురూ తలా ఒక బిస్కెట్ ముక్క వేస్తే చాలు, ఆ హద్దు దాటిపోతుంది.

3. ఆసుపత్రికి ఫోన్ చేయండి

మీ దగ్గరలోని రెండు పశువైద్యశాలలకి ఫోన్ చేసి ధరలు అడగండి. కుక్క లేకుండానే అడగడానికి మొహమాటం అక్కర్లేదు. మంచి డాక్టర్లకి ఇలా ముందే అడిగేవాళ్లంటే ఇష్టం.

బరువును బట్టి మారేవి: నులిపురుగుల మందు, పిడుదుల మందు, మత్తు, చాలా రకాల మాత్రలు. వీటిలో చిన్న కుక్క ఉన్నవాళ్లకి కలిసొస్తుంది. కానీ కన్సల్టేషన్, ఎక్స్‌రే, రక్త పరీక్ష, వ్యాక్సిన్‌లకి బరువుతో సంబంధం లేదు. 2 కిలోల కుక్కకీ 40 కిలోల కుక్కకీ వ్యాక్సిన్ డోసు ఒకటే. చిన్న కుక్క కాబట్టి సగం ధర పడుతుందని ఎవరూ అనుకోవద్దు.

మొదటి ఏడాది గడిలో వేయాల్సినవి: ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై 16 వారాలు నిండేదాకా కొన్ని వారాలకోసారి వ్యాక్సిన్‌లు, రేబీస్ టీకా, ఏడాది వయసప్పుడు బూస్టర్, మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి నులిపురుగుల మందు, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆపరేషన్ ఖర్చు మిగుల్చుకుందామని ఆడకుక్కకి చేయించకుండా వదిలేస్తే, వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం ఉంటుంది. అప్పుడు అదే ఆపరేషన్ ప్రాణాపాయంలో, అర్ధరాత్రి, ఎన్నో రెట్లు ఎక్కువ ఖర్చుతో చేయించాల్సి వస్తుంది.

4. పళ్ల గురించి విడిగా అడగండి

చిన్న జాతుల్ని పెంచేవాళ్లలో చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే. పెద్ద కుక్కకైనా చిన్న కుక్కకైనా పళ్లు 42. చిహువాహువా నోరు మీ బొటనవేలంత ఉంటుంది, అందులోనే 42 పళ్లు ఇరుక్కోవాలి. పళ్లు ఒకదానిమీదొకటి ఒరిగి, సందుల్లో పాచి పేరుకుని, అది గట్టిపడి గార అవుతుంది. చిగుళ్లు వాస్తాయి, ఎముక కరుగుతుంది, పళ్లు ఊడతాయి. మూడేళ్లకే నోరు కంపు కొడుతోందంటే అది కుక్క నోటి సహజ వాసన కాదు, జబ్బు.

కుక్క నోరు తెరిచి కదలకుండా కూర్చోదు. గార తీయాలంటే మత్తు ఇవ్వాలి, ముందు రక్త పరీక్ష చేయాలి, తర్వాత ఒక్కో పన్నూ చూడాలి. అందుకే ఇది ఖరీదు. చిన్న జాతుల్లో కొన్నిటికి ఏడాది, రెండేళ్లకోసారి కూడా అవసరపడుతుంది. ఫోన్ చేసినప్పుడు "మత్తిచ్చి పళ్లు శుభ్రం చేయడానికి ఎంత? పన్ను తీయాల్సి వస్తే ఒక్కోదానికి ఎంత?" అని అడిగి, ఆ మొత్తాన్ని 24తో భాగించి నెల ఖర్చు గడిలో వేయండి. రెండేళ్లకోసారి అనుకున్నా నెలకి ఇంత పక్కన పెట్టాలని తెలుస్తుంది. చాలామందికి ఈ ఒక్క అంకె తిండి ఖర్చుకి దగ్గరగా రావడం చూసి ఆశ్చర్యం వేస్తుంది.

తగ్గించుకునే దారులు రెండున్నాయి. రోజూ బ్రష్ చేయడం మొదటిది. మనుషుల పేస్ట్ వాడకూడదు, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, కొన్నిట్లో కుక్కలకి విషమైన జైలిటాల్ అనే తీపి పదార్థం కూడా ఉంటుంది. కుక్కల పేస్ట్, చిన్న పిల్లల మెత్తటి బ్రష్ చాలు. ఇంటికొచ్చిన మొదటి వారం నుంచే వేలితో చిగుళ్లు రుద్దడం అలవాటు చేయండి. రెండోది, చిన్న జాతుల్లో పాల కోరపళ్లు ఊడకుండా కొత్త పళ్ల పక్కనే ఉండిపోవడం మామూలు. వాటిని ఎలాగూ తీయించాలి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ రోజునే, అదే మత్తులో వాటినీ తీయమని డాక్టర్‌ని అడగండి. రెండు మత్తులకి బదులు ఒకటే అవుతుంది. నాకు ఇది తెలియక రెండుసార్లు తీసుకెళ్లాను.

5. జాతి పేరు చూసే ముందు ఒళ్లు చూడండి

ఏ జాతి చవక అని అడిగితే ఒక్క పేరు చెప్పడం కష్టం. దాని ఒంటి తీరు చూస్తే మాత్రం ఏ ఖర్చు వస్తుందో చాలావరకు ఊహించవచ్చు.

*చప్పిడి ముక్కువి.* పగ్, షీ జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్, పెకింగీస్. ముఖం ఎముక పొట్టిదైనా లోపలి మెత్తటి కండ అంతే ఉంటుంది, కాబట్టి గాలి వెళ్లే దారి ఇరుకైపోతుంది. గురక పెడితే ముద్దొస్తుంది గానీ అది ఊపిరి ఆడని చప్పుడు. కొన్నిటికి ముక్కు రంధ్రాలు, అంగిలి సరిచేసే ఆపరేషన్ తప్పదు. కుక్కలు ఎక్కువగా వగర్చి ఒంటి వేడి తగ్గించుకుంటాయి. వీటికి అదే సరిగా చేతకాదు కాబట్టి వేడి ప్రాంతంలో ఉంటే గది చల్లగా ఉంచే కరెంటు బిల్లు కూడా లెక్కలో వేయండి. కళ్లు బయటికి పొడుచుకు రావడం వల్ల చిన్న గీత పడినా పుండు అవుతుంది, ఆలస్యమైతే కన్ను పోతుంది. ముఖం మడతల్లో తడి నిలిస్తే చర్మం పాడవుతుంది. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో చాలావాటికి కాన్పు కూడా ఆపరేషన్‌తోనే. పిల్లల ధర అంత ఉండడానికి అదొక కారణం. పరిమితమైన డబ్బుతో మొదటి కుక్కను తెచ్చుకునేవాళ్లకి ఈ గుంపును నేను సూచించను. ఇవంటే ప్రాణం అనుకుంటే, మూడో గడిలో మామూలు కంటే రెట్టింపు సొమ్ము ఉన్నాకే ఆలోచించండి.

*సన్నటి కాళ్ల బుల్లి కుక్కలు.* చిహువాహువా, పొమెరేనియన్, యార్క్‌షైర్ టెరియర్ (యార్కీ), మాల్టీస్, టాయ్ పూడిల్. వీటిలో మోకాలిచిప్ప పక్కకి జారడం ఎక్కువ. నడుస్తూ నడుస్తూ వెనక కాలు ఒకటి ఎత్తి రెండు మూడు గెంతులు వేసి, మళ్లీ ఏమీ లేనట్టు నడిస్తే అదే గుర్తు. డాక్టర్లు దీన్ని 1 నుంచి 4 వరకు గ్రేడ్‌లుగా చెబుతారు. మొదటి గ్రేడ్‌లో బరువు పెరగకుండా చూసుకుంటే తరచుగా సరిపోతుంది. 3, 4 గ్రేడ్‌లకి ఆపరేషనే. కుక్కను తీసుకునే ముందు డాక్టర్ చేత మోకాళ్లు నొక్కి చూపించండి, నిమిషం పని. సోఫా మీంచి, చేతుల్లోంచి దూకినా ముందు కాలి ఎముక విరగవచ్చు. ఆ చోట రక్తప్రసరణ తక్కువ, మామూలు కట్టుతో అతకడం కష్టం, ప్లేటు వేయాల్సి వస్తుంది. ఇంట్లో ఎత్తుకుని ఆడే చిన్న పిల్లలుంటే ఇది బాగా ఆలోచించాల్సిన విషయం.

ఈ గుంపులో గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోయే జబ్బు కూడా ఉంది, యార్కీల్లో, పొమెరేనియన్‌లలో ముఖ్యంగా. పొడి దగ్గు వస్తుంది. మెడకి కాలర్ కట్టి లాగకుండా మొదటి రోజు నుంచే ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. దాని ధర కాలర్ కంటే కొంచెమే ఎక్కువ. ఇంకొకటి, బాగా బుల్లి కుక్కపిల్లలు కొన్ని గంటలు తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పుతాయి. మూడు నాలుగు నెలల వయసు వచ్చేదాకా రోజుకి నాలుగు పూటలు పెట్టాలి. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండకపోతే చూసుకునే మనిషికి ఇచ్చే డబ్బు కూడా రాసుకోండి, లేదా ఎదిగిన కుక్కను చూడండి.

*పొడుగు వీపువి.* డాక్స్‌హుండ్. తిండి తక్కువ, పొట్టి బొచ్చు రకమైతే గ్రూమింగ్ (బొచ్చు కత్తిరించి శుభ్రం చేయించడం) దాదాపు లేదు, ఒళ్లు గట్టిది. కానీ వెన్నెముక డిస్కులు త్వరగా గట్టిపడి జారతాయి, ఎక్కువగా 3 నుంచి 7 ఏళ్ల మధ్య. వెనక కాళ్లు పడిపోతే స్కాన్, ఆపరేషన్ గంటల్లో నిర్ణయించుకోవాలి, అది ఈ వ్యాసంలో చెప్పిన ఖర్చులన్నిటికంటే పెద్దది. మేడమెట్లు ఎక్కి దిగాల్సిన ఇల్లయితే వేరే జాతి చూసుకోండి.

కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ నెమ్మదైన కుక్క, అందరితో కలిసిపోతుంది. గుండె కవాటం జబ్బు ఈ జాతిని వదలదు. చాలావాటికి జీవితాంతం రోజూ మాత్రలు వేయాలి. మినియేచర్ ష్నాజర్‌కి రక్తంలో కొవ్వు పెరిగి క్లోమం వాచే గుణం ఉంది.

పొట్టి బొచ్చు, మామూలు ముక్కు, మామూలు వీపు, 6 నుంచి 10 కిలోల బరువు. బడ్జెట్ తక్కువైతే మీరు వెతకాల్సిన ఒడ్డూపొడుగూ ఇదే. జాక్ రసెల్ టెరియర్ దీనికి దగ్గరగా ఉంటుంది, కానీ రోజుకి గంట పైన పరుగెత్తించకపోతే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఏ జాతి పేరూ లేని చిన్న సంకర కుక్కలు చాలావరకు ఇలాంటి ఒంటి తీరుతోనే ఉంటాయి. వాటికి జబ్బులు రావని కాదు, ఒకే జబ్బు తరతరాలుగా పేరుకుపోయే అవకాశం తక్కువ. నన్ను అడిగితే ముందు వాటినే చూడమంటాను.

6. బొచ్చు

షీ జూ, మాల్టీస్, యార్కీ, పూడిల్‌ల జుట్టు మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కత్తిరించాలి, రోజూ దువ్వాలి. ఒక గ్రూమింగ్ ధర అడిగి పదితో గుణిస్తే ఏడాది ఖర్చు. మంచి క్లిప్పర్ కొని ఇంట్లోనే పొట్టిగా కత్తిరించడం నేర్చుకుంటే ఆ ఖర్చు చాలా తగ్గుతుంది, అందం కొంచెం తగ్గినా కుక్కకి హాయిగా ఉంటుంది. పొమెరేనియన్‌కి మాత్రం మిషన్ పెట్టించకండి. దానిది రెండు పొరల బొచ్చు, నున్నగా గీస్తే మళ్లీ సరిగా రాకపోవచ్చు. దువ్వెనే దానికి వైద్యం. పగ్‌ది పొట్టి బొచ్చే అయినా ఏడాది పొడుగునా రాలుతుంది, అది డబ్బు అడగదు, ఊడ్చే ఓపిక అడుగుతుంది.

7. ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు?

"టీకప్" పేరుతో అమ్మే కుక్కపిల్లల దగ్గర ఆగకండి. టీకప్ అనే జాతి లేదు. అన్నిటికంటే బలహీనంగా పుట్టినవాటిని జతకట్టించి, లేదా వయసు చాలని పిల్లల్ని చూపించి ఎక్కువ ధరకి అమ్ముతారు. చక్కెర పడిపోవడం, కాలేయం సమస్యలు, తలలో నీరు చేరడం వీటిలో కనిపిస్తాయి. కొనడానికీ ఎక్కువ, బతికించుకోవడానికీ ఎక్కువ.

మరీ చవకగా వచ్చే కుక్కపిల్లతో ఇంకో ప్రమాదం ఉంది. టీకాలు పడని పిల్లకి పార్వో అనే పేగుల వైరస్ జబ్బు వస్తే రోజుల తరబడి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను తీసుకోవద్దు. తల్లి ఉన్నచోటే చూడండి, టీకా కార్డు అడగండి, తల్లి నోరు, మోకాళ్లు, ఊపిరి ఎలా ఉన్నాయో గమనించండి. తల్లిని చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.

రెండు మూడేళ్ల కుక్కను దత్తత తీసుకుంటే మొదటి గడి దాదాపు ఖాళీ అవుతుంది, ఎందుకంటే చాలావాటికి టీకాలు, ఆపరేషన్ అయిపోయి ఉంటాయి. బరువెంత, స్వభావమేంటి, మోకాళ్లెలా ఉన్నాయి అన్నీ అప్పటికే తెలిసిపోతాయి.

8. అనుకోకుండా వచ్చేదానికి

డాక్టర్‌కి ఫోన్ చేసినప్పుడే అడగండి: "రాత్రిపూట ఎమర్జెన్సీలో తెచ్చి రెండు రోజులు ఉంచాల్సి వస్తే ఎంతవుతుంది?" ఆ మొత్తం కుక్క ఇంటికి రాకముందే విడిగా ఒక ఖాతాలో ఉండాలి. ఒంటి బరువు తక్కువ కాబట్టి చిన్న పొరపాటే పెద్ద ప్రమాదం అవుతుంది. పెద్ద కుక్కకి వాంతితో పోయే చాక్లెట్ ముక్క 2 కిలోల కుక్కకి ప్రాణం మీదికి రావచ్చు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి కూడా అందకుండా పెట్టాలి.

మీకు అందుబాటులో పెంపుడు జంతువుల ఇన్సూరెన్స్ ఉంటే కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోండి. ముందే ఉన్న జబ్బుకి డబ్బు ఇవ్వరు. పళ్లకి, జాతికి ఉండే పుట్టుక జబ్బులకి వర్తిస్తుందో లేదో పాలసీలో చదివాకే సంతకం పెట్టండి.

9. మూడు నెలల రిహార్సల్

ఇప్పుడు రెండో గడి మొత్తం కూడండి: తిండి, పిడుదుల మందు, గ్రూమింగ్, పళ్ల వాయిదా, ఏటేటా వేసే టీకాల ఖర్చులో పన్నెండో వంతు. కుక్క ఉన్నట్టే అనుకుని వచ్చే మూడు నెలలు జీతం రాగానే ఆ మొత్తం పక్కన పెట్టండి. రోజూ కుక్కను తిప్పే సమయానికి మీరే ఒక్కరే నడిచి రండి, ఆ అరగంట దొరుకుతోందో లేదో కూడా తెలుస్తుంది.

మూడు నెలలూ ఆ డబ్బు ముట్టుకోకుండా ఉండగలిగితే, పోగైంది మూడో గడికి మొదటి విడత అవుతుంది. ఒక నెల తీయాల్సి వస్తే జాతి మార్చి చూడండి. గ్రూమింగ్ లేనిది, ఎదిగినది, సంకరం ఎంచుకుంటే లెక్క సరిపోవచ్చు. రెండు నెలలు తీయాల్సి వస్తే ఈ ఏడాది ఆగండి. ఈలోపు షెల్టర్ కుక్కను కొన్ని వారాలు ఇంట్లో ఉంచుకునే ఫోస్టరింగ్ అడగండి. చాలాచోట్ల మందుల ఖర్చు వాళ్లే పెట్టుకుంటారు, మీకు కుక్కతో రోజులు ఎలా గడుస్తాయో తెలుస్తుంది.

లెక్క సరిపోయినవాళ్లు కుక్కను తెచ్చే తేదీ ఖాయం చేసుకునే ముందే, అది ఇంటికొచ్చిన రెండు మూడు రోజుల్లో చూపించేలా డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెళ్లేటప్పుడు ఈ కాగితం కూడా పట్టుకెళ్లి, ఇందులో ఏమైనా మర్చిపోయానా అని ఆయన్నే అడగండి.